4,414కూ 35 యంత్రాలే, 5 లక్షలకూ 35 యంత్రాలే

పట్టభద్రుల జాబితాలో కూడా పేరున్న విశాఖపట్నం ఓటరు అయిదేళ్లలో అన్ని రకాలుగానూ ఓటేశాడు. 2019 ఏప్రిల్ 11న ఈవీఎం బటన్ నొక్కాడు. 2021 మార్చి 10న జీవీఎంసీ (విశాఖ నగరపాలక సంస్థ) ఎన్నికల్లో బ్యాలెట్ పేపరు మీద ముద్ర కొట్టి, మడతపెట్టి పెట్టెలో వేశాడు. 2023 మార్చిలో ఉత్తరాంధ్ర పట్టభద్రుల ఎమ్మెల్సీ ఎన్నికకు ఊదారంగు స్కెచ్ పెన్నుతో అంకె రాసి వచ్చాడు. 2024 మే 13న మళ్లీ బటన్ దగ్గరికి వెళ్లాడు. ఈవీఎంలు తీసేసి పేపరు తెస్తే ఎలా ఉంటుందో ఊహించుకోవాల్సిన పని ఈ ఊరివాళ్లకు లేదు. రెండింటి మంచీ చెడూ కళ్లముందే ఉన్నాయి.

అయినా ఈ చర్చ ఎప్పుడు మొదలైనా రెండు నిమిషాల్లో పార్టీల గొడవలోకి దిగిపోతుంది. దానికి కారణం ఉంది. 2019లో పోలింగ్ రోజునే యంత్రాలు మొరాయించాయని చంద్రబాబు ఎన్నికల సంఘం మీద విరుచుకుపడ్డారు. 2024లో ఓడిపోయాక, అభివృద్ధి చెందిన ప్రజాస్వామ్యాలన్నీ పేపరు బ్యాలెట్ వాడుతున్నాయి, మనమూ అటే వెళ్లాలి అని జగన్ అన్నారు. 2010లో ఈవీఎంలను తప్పుపడుతూ పుస్తకం రాసిన జీవీఎల్ నరసింహారావు బీజేపీ నాయకుడు. దానికి ముందుమాట అద్వానీది. ఇప్పుడు ఆ పార్టీ నోట ఆ మాట రాదు. పేపరు బ్యాలెట్ కావాలని కేఏ పాల్ వేసిన పిటిషన్‌ను 2024 నవంబరు 26న కొట్టేస్తూ, మీరు ఓడినప్పుడే యంత్రాలు పాడవుతాయా అని సుప్రీంకోర్టు చంద్రబాబు, జగన్ల పేర్లు ఎత్తి మరీ అడిగింది. ఆడలేక మద్దెల ఓడన్నట్టుంది వ్యవహారం. కానీ మద్దెల నిజంగా ఓటిదో కాదో ఎవరో ఒకరు చూడాలి కదా. ఫిర్యాదు చేసేవాడి నోరు చూసి ఫిర్యాదును తీసిపారేస్తే అసలు ప్రశ్న అలాగే మిగిలిపోతుంది.

పెట్టెలో ఏముంది

మనం ఈవీఎం అనేది మూడు పెట్టెల కూటమి. మనం బటన్ నొక్కేది బ్యాలెట్ యూనిట్. ప్రిసైడింగ్ అధికారి బల్ల మీద ఉండి ఓట్లు దాచుకునేది కంట్రోల్ యూనిట్. మధ్యలో చీటీ అచ్చువేసేది వీవీప్యాట్. ఒక్కో బ్యాలెట్ యూనిట్‌లో 16 బటన్లు పడతాయి. 2024లో విశాఖ లోక్‌సభకు 33 మంది పోటీ చేశారు, రాష్ట్రంలోనే ఎక్కువ. నోటాతో కలిపి 34 బటన్లు, అంటే మూడు యూనిట్లు పక్కపక్కన పెట్టాల్సి వచ్చింది. పాత యంత్రాలు 64 మంది అభ్యర్థుల దగ్గర ఆగిపోయేవి. 2010 తెలంగాణ ఉప ఎన్నికల్లో కావాలనే కుప్పలుగా నామినేషన్లు వేయించి కొన్నిచోట్ల పేపరు బ్యాలెట్ తెప్పించిన సంగతి గుర్తుండే ఉంటుంది. ఆ కిటుకు ఇప్పుడు పనిచేయదు. 2019లో నిజామాబాద్‌లో పసుపు రైతులు మూకుమ్మడిగా నిలబడి అభ్యర్థుల సంఖ్యను 185కి చేర్చినా, కొత్త తరం యంత్రాలకు 12 యూనిట్లు తగిలించి పోలింగ్ నడిపేశారు.

యంత్రాలు తయారుచేసేది బెంగళూరులోని బీఈఎల్, హైదరాబాద్‌లోని ఈసీఐఎల్ అనే ప్రభుత్వ సంస్థలు. ఏ నెట్‌వర్క్‌తోనూ వీటికి సంబంధం ఉండదు. వైఫై లేదు, బ్లూటూత్ లేదు. కాబట్టి ఎక్కడో కూర్చుని ఫోన్లోంచి హ్యాక్ చేశారన్న వాట్సాప్ కథలు పక్కన పెట్టేయొచ్చు. అలాగని దగ్గర్నుంచి కూడా ఎవరూ ఏమీ చేయలేరని కాదు. 2010లో హైదరాబాద్‌కు చెందిన హరిప్రసాద్, అమెరికా ప్రొఫెసర్ హాల్డర్‌మన్, నెదర్లాండ్స్‌కు చెందిన రాప్ గాంగ్రైప్ కలిసి ఒక అసలు యంత్రాన్ని విప్పి చూపించారు. అంకెలు కనిపించే డిస్‌ప్లే భాగాన్ని అచ్చం అలాంటిదే ఇంకోటి పెట్టి మార్చేస్తే, లోపల లెక్క ఒకటి, బయట కనిపించే లెక్క ఇంకొకటి. ఆ యంత్రం ఎక్కడిదో చెప్పమని హరిప్రసాద్‌ను అరెస్టు చేశారు. ఆ తరువాత యంత్రాలు మారాయి, విప్పితే పనిచేయడం మానేసే ఏర్పాటు వచ్చింది. వాళ్లు చూపించింది మాత్రం ఒకటుంది: యంత్రం చేతికి చిక్కి, తీరిగ్గా కాసేపు దొరికితే ఎవరైనా ఏదైనా చేయగలరు. అందుకే సీళ్లు, స్ట్రాంగ్ రూములు, ఏజెంట్ల కాపలా అంత ముఖ్యం. 2019లో పోలింగ్‌కూ కౌంటింగ్‌కూ మధ్య 42 రోజులు యంత్రాలు స్ట్రాంగ్ రూముల్లోనే ఉన్నాయి. 2024లో మూడు వారాలు. అన్ని రోజులు తాళం వేసిన గది బయట కూర్చున్నవాడికి అనుమానాలు రాకపోతేనే ఆశ్చర్యం.

వీవీప్యాట్ వచ్చాక లెక్క మారింది. సుబ్రమణ్యస్వామి కేసులో 2013లో సుప్రీంకోర్టు చెప్పినమీదట వీటిని దశలవారీగా తెచ్చారు. 2019 నాటికి దేశమంతటా ప్రతి బూత్‌లోనూ ఉన్నాయి. బటన్ నొక్కగానే చిన్న అద్దం వెనక దీపం వెలిగి, క్రమసంఖ్య, పేరు, గుర్తు ఉన్న చీటీ ఏడు సెకన్లు కనిపించి, తెగి కింద డబ్బాలో పడుతుంది. అంటే ఇవాళ మన దేశంలో ప్రతి ఓటుకూ ఒక కాగితం ఉంది. ఈవీఎంలు పోయి పేపరు రావాలి అనేవాళ్లలో చాలామందికి ఈ ముక్క పట్టదు. కాగితం వచ్చేసింది. దాన్ని మొత్తంగా లెక్కపెట్టడం లేదు, అంతే.

చీటీలో తప్పు గుర్తు కనిపిస్తే ఓటరు ఫిర్యాదు చేయొచ్చు. చేయాలంటే ముందు రాతపూర్వకంగా ఇవ్వాలి, ఏజెంట్ల ముందు ఇంకో పరీక్ష ఓటు వేయాలి. ఆ పరీక్షలో చీటీ సరిగ్గా వచ్చిందా, తప్పుడు ఫిర్యాదు కింద కేసు. వెయ్యిలో ఒక్కసారి వచ్చే లోపం రెండోసారి కూడా చెప్పినట్టు వస్తుందా? ఇది తెలిసిన ఏ మామూలు మనిషీ నోరు విప్పడు. ఈ నిబంధనను ఎవరు ఏ ఉద్దేశంతో పెట్టినా, ఫిర్యాదులు రాకపోవడాన్ని యంత్రం మంచితనానికి రుజువుగా చూపించడం మాత్రం కుదరదు.

పేపరు వైపు నుంచి చూస్తే

2021 జీవీఎంసీ ఎన్నికలు 98 వార్డుల్లో పేపరు మీద జరిగాయి. వార్డు చిన్నది, అభ్యర్థులు కొద్దిమంది, బ్యాలెట్ అరచేతిలో పట్టేంత. మార్చి 14న లెక్కింపు మొదలెట్టి ఆ రోజే ఫలితాలు చెప్పేశారు. పేపరంటే వారాలు పడుతుందన్నది అంత నిజం కాదని అక్కడే తేలింది.

ఎమ్మెల్సీ ఎన్నిక ఇంకో పాఠం చెప్పింది. 2023లో స్వర్ణభారతి ఇండోర్ స్టేడియంలో జరిగిన లెక్కింపు రాత్రంతా సాగి, రెండో ప్రాధాన్య ఓట్లదాకా వెళ్లి కానీ తేలలేదు. రెండు లక్షల ఓట్లలో 12 వేలకు పైగా చెల్లలేదు. ఓటేసిన ప్రతి ఒక్కరూ డిగ్రీ చదివినవాళ్లే. అంకె వేయాల్సిన చోట టిక్కు పెట్టినవాళ్లు, సొంత పెన్ను వాడినవాళ్లు, సంతకం చేసినవాళ్లు. అభ్యర్థులకు వరుసగా 1, 2, 3 అని అంకెలు వేసే ప్రాధాన్య ఓటు తికమకగా ఉంటుంది కాబట్టి దీన్ని మామూలు ముద్ర ఓటుతో సమానంగా చూడకూడదు, నిజమే. కానీ ముద్ర ఓటులోనూ రెండు గుర్తుల మధ్య గీత మీద పడిన ముద్ర, మడతలో సిరా అంటుకుని రెండోచోట కనిపించే ముద్ర ఉంటూనే ఉంటాయి. అలాంటి ప్రతి ఓటు దగ్గరా ఏజెంట్లు బల్ల మీద వాలిపోయి ‘మాదే’ అంటే ‘మాదే’ అని అరుచుకుంటారు. యంత్రంలో చెల్లని ఓటు అన్నదే లేదు. అక్షరం రాని ముసలమ్మ వేసినా, ప్రొఫెసర్ వేసినా లెక్కలోకి వస్తుంది. ఈ ఒక్క లాభాన్ని తేలిగ్గా వదులుకోకూడదని నా అభిప్రాయం.

కాగితం ఉంటే వివాదం ఉండదనుకునేవాళ్లు 2024 జూన్ మొదటి వారం గుర్తుచేసుకోవాలి. పోస్టల్ బ్యాలెట్ డిక్లరేషన్ మీద అధికారి సంతకం ఒక్కటి చాలా, పేరూ సీలూ కూడా ఉండాలా అన్నదాని మీద వైసీపీ హైకోర్టుకూ అక్కణ్నుంచి సుప్రీంకోర్టుకూ వెళ్లింది. కౌంటింగ్‌కు ఒక్కరోజు ముందు, జూన్ 3న, సుప్రీంకోర్టు జోక్యం చేసుకోనంది. పూర్తిగా కాగితం మీద జరిగే ఓటు గురించే అంత టెన్షన్.

ఇక రిగ్గింగ్. బ్యాలెట్ రోజుల్లో బూత్‌లోకి చొరబడితే కట్టలకు కట్టలు గుద్దేసి అరగంటలో బయటపడేవాళ్లు. లేదంటే పెట్టెలో సిరా పోసేవాళ్లు, పెట్టెనే ఎత్తుకెళ్లి బావిలో పడేసేవాళ్లు. ఈవీఎం నిమిషానికి నాలుగు ఓట్లకు మించి తీసుకోదు. గంటసేపు బూత్‌ను పట్టుకున్నా 240 ఓట్లే. ఆలోపు పోలీసులు రాకుండా ఉండటం కష్టం. గూండాగిరీకి అది మంచి కళ్లెం.

పేపరు పక్షాన ఒక బలమైన వాదన ఉంది, దాన్ని ఎవరూ పెద్దగా ఎత్తరు. పాత పద్ధతిలో లెక్కించేముందు వేర్వేరు బూత్‌ల బ్యాలెట్లు కలిపేసే వీలుండేది. ఏ వీధి ఎవరికి వేసిందో తెలిసేది కాదు. ఈవీఎంతో బూత్‌వారీ లెక్క బయటికొస్తుంది. జాలరిపేటలో ఏ బూత్‌లో ఎన్ని, ఎంవీపీ కాలనీలో ఏ బూత్‌లో ఎన్ని అని పార్టీల దగ్గర చిట్టా ఉంటుంది. గెలిచాక రోడ్డు ఎవరి వీధికి ముందు పడుతుందో, పింఛను ఎవరికి ఆలస్యమవుతుందో ఆ చిట్టా చూసి తేల్చొచ్చు. యంత్రాలన్నింటి మొత్తం మాత్రమే చూపించే టోటలైజర్ అనే పరికరాన్ని ఎన్నికల సంఘమే 2008లో ప్రతిపాదించింది. అది ఇప్పటికీ అమల్లోకి రాలేదు.

జర్మనీ ఎందుకు వద్దంది

అభివృద్ధి చెందిన దేశాలన్నీ వదిలేశాయి అన్నది సగమే నిజం. నెదర్లాండ్స్ 2006 తరువాత యంత్రాలు మానేసింది. అక్కడ ఉద్యమం నడిపిన గాంగ్రైపే తరువాత హరిప్రసాద్‌తో కలిసి పనిచేసింది. ఐర్లండ్ కోట్ల యూరోలు పోసి కొన్న యంత్రాలను దేశమంతటా ఒక్క ఎన్నికలోనూ వాడకుండానే 2012లో తుక్కు కింద అమ్మేసింది. బంగ్లాదేశ్ 2023లో వెనక్కి తగ్గి మళ్లీ బ్యాలెట్ అంది. అమెరికాలో ఎక్కువచోట్ల ఓటు కాగితం మీదే, కానీ లెక్కపెట్టేది స్కానర్. బ్రెజిల్ మాత్రం 1996 నుంచి యంత్రాలతోనే నడుస్తోంది, చీటీ కూడా లేకుండా.

వీటన్నింటిలో నిలబెట్టి చూడాల్సింది జర్మనీ రాజ్యాంగ న్యాయస్థానం 2009 మార్చిలో ఇచ్చిన తీర్పు. యంత్రాల్లో మోసం జరిగిందని ఆ కోర్టు అనలేదు. ఎన్నికను రద్దు కూడా చేయలేదు. ఎన్నిక బహిరంగ వ్యవహారం. అందులో ముఖ్యమైన ప్రతి మెట్టునూ ప్రత్యేక సాంకేతిక జ్ఞానం లేని మామూలు పౌరుడు కూడా సరిచూసుకోగలగాలి. ఆ వీలు యంత్రంలో లేదు, కాబట్టి కుదరదు అంది. మోసం జరిగిందని చూపించు అని ఓటరును అడగడం వేరు, జరగలేదని మీరే చూపించండి అని ప్రభుత్వాన్ని అడగడం వేరు. మన దగ్గర చర్చ ఎప్పుడూ మొదటిదాని దగ్గరే ఆగిపోతుంది. నిజానికి మన సుప్రీంకోర్టు కూడా 1984లో ఒకసారి ఈవీఎంలను పక్కన పెట్టింది. కేరళలోని పరవూరులో 1982లో 50 బూత్‌లలో మొదటిసారి వాడితే, చట్టంలో యంత్రం మాట లేదని ఆ బూత్‌లలో మళ్లీ బ్యాలెట్‌తో పోలింగ్ పెట్టించింది. ఓడినాయన గెలిచాడు. ఆ తరువాత పార్లమెంటు చట్టాన్ని సవరించి యంత్రానికి చోటిచ్చింది.

అసలు చిక్కు ఎక్కడ

2019 ఏప్రిల్ 8న సుప్రీంకోర్టు, చంద్రబాబు సహా ప్రతిపక్ష నాయకులు వేసిన కేసులో, ఒక్కో అసెంబ్లీ సెగ్మెంట్లో ఒక బూత్ బదులు అయిదు బూత్‌ల చీటీలు లెక్కించమంది. వాళ్లు అడిగింది సగం బూత్‌లు. అయిదు అన్నది ఇప్పటికీ అలాగే ఉంది. విశాఖ లోక్‌సభ కింద శృంగవరపుకోట, భీమిలి, విశాఖ తూర్పు, దక్షిణం, ఉత్తరం, పశ్చిమం, గాజువాక, ఏడు సెగ్మెంట్లు. లాటరీ తీసిన 35 యంత్రాల చీటీలు లెక్కిస్తారు.

ఇప్పుడు రెండు ఎన్నికలు పక్కపక్కన పెట్టి చూద్దాం. 2024లో టీడీపీ అభ్యర్థి శ్రీభరత్ విశాఖ లోక్‌సభలో గెలిచింది 5,04,247 ఓట్ల తేడాతో. 2019లో అదే శ్రీభరత్ అదే స్థానంలో ఓడింది 4,414 ఓట్లతో. రెండుసార్లూ తనిఖీ 35 యంత్రాలకే.

ఎవరో యంత్రాల్లో ఓట్లు అటువి ఇటు మార్చారని వాదన కోసం అనుకుందాం. బూత్‌లు 1,800 అనుకుందాం. 5 లక్షల తేడా సృష్టించాలంటే రెండున్నర లక్షల ఓట్లు మార్చాలి, అంటే ప్రతి యంత్రంలోనూ సగటున 140. అప్పుడు 35 అక్కర్లేదు, రెండుమూడు డబ్బాలు తెరిచినా దొంగతనం బయటపడుతుంది. 2024 విశాఖ ఫలితం మీద యంత్రాల పేరుతో అనుమానపడటానికి లెక్కల్లో చోటు లేదని నేను గట్టిగా చెప్పగలిగేది ఇందుకే.

4,414 సంగతి అలా కాదు. దాన్ని తారుమారు చేయడానికి 2,208 ఓట్లు మారిస్తే చాలు. యంత్రానికి వంద చొప్పున 23 యంత్రాలు. 1,800లో 23 చెడ్డవి ఉంటే, లాటరీలో తీసిన 35లో వాటిలో ఒక్కటీ తగలకుండా పోయే అవకాశం దాదాపు 64 శాతం. అంటే దొంగ పట్టుబడకుండా తప్పించుకునే అవకాశమే ఎక్కువ. అదే 200 యంత్రాలు లెక్కిస్తే దొరికిపోయే అవకాశం 93 శాతం. 2019లో ఏదో జరిగిందని చెప్పడం కాదు ఇది. ఏమీ జరగలేదని ఓడినవాడికి చూపించడానికి 35 చాలవని మాత్రమే.

ఎన్నికల సంఘం చెప్పే లెక్క వేరే ఉంది. 2024 ఏప్రిల్ 26 నాటి సుప్రీంకోర్టు తీర్పులో ఉన్నదాని ప్రకారం 41,629 యంత్రాల్లో నాలుగు కోట్లకు పైగా చీటీలు సరిచూస్తే తేడా వచ్చింది ఒక్కచోటే. అది మన రాష్ట్రంలోదే, 2019లో మైదుకూరు నియోజకవర్గం 63వ నంబరు బూత్. పోలింగ్‌కు ముందు ఏజెంట్ల ఎదుట కనీసం 50 ఓట్లు వేసి చూపించే మాక్ పోల్ ఉంటుంది. దాని తరువాత ‘సీఆర్‌సీ’ చేయాలని ట్రైనింగ్‌లో సిబ్బందికి పదేపదే చెబుతారు: క్లోజ్, రిజల్ట్, క్లియర్. మైదుకూరులో ఆ మాక్ ఓట్లు చెరపడం మరిచిపోయారు. మోసం కాదు, తెల్లవారుజామున లేచి హడావిడిలో పడ్డ సిబ్బంది మరుపు. నాలుగు కోట్లలో ఇదొక్కటే అంటే యంత్రాలు మొత్తం మీద సరిగ్గానే లెక్కపెడుతున్నాయని ఒప్పుకోవాలి. అది దేశం మొత్తం మీద మాట. ఒక స్థానంలో కొద్ది ఓట్లతో ఓడినవాడికి కావలసింది తన స్థానం లెక్క.

అతనికి ఇప్పుడున్న దారి ఏమిటంటే, రెండు, మూడు స్థానాల్లో నిలిచిన అభ్యర్థులు ఏడు రోజుల్లో డబ్బు కట్టి సెగ్మెంట్‌కు 5 శాతం యంత్రాల మెమరీ పరీక్ష కోరొచ్చు. ఇది ఆ 2024 తీర్పు ఇచ్చిందే. పక్కనున్న విజయనగరం లోక్‌సభ, గజపతినగరం అసెంబ్లీ, అటు ఒంగోలు అసెంబ్లీ స్థానాల్లో ఓడిన వైసీపీ అభ్యర్థులు దరఖాస్తు పెట్టుకున్నారు. అప్పట్లో యంత్రానికి 40,000, జీఎస్టీతో 47,200 రూపాయలు. ఎన్నికల సంఘం మొదట పెట్టిన పద్ధతిలో యంత్రం మీద మళ్లీ మాక్ పోల్ వేసి చూపించడమే ఉంది. మేం అడిగింది మెమరీ చూడమని అంటూ ఆ గొడవ 2025లో మళ్లీ సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. ఇంత ఖర్చూ ఇంత తిప్పటా ఎందుకో నాకు అర్థం కాదు. మెమరీలో ఏముందో ఇంజినీరు చెప్పాలి. డబ్బాలో చీటీలు ఎన్నున్నాయో ఏజెంటు కూడా చూడగలడు.

చీటీలన్నీ లెక్కిస్తే రోజులు పడతాయా? సగం యంత్రాలు లెక్కిస్తేనే అయిదారు రోజులు ఆలస్యమవుతుందని 2019లో ఎన్నికల సంఘం కోర్టుకు చెప్పింది. ఒకే బృందం ఒకే బల్ల దగ్గర ఒకదాని తరువాత ఒకటి లెక్కిస్తే అవుతుంది మరి. 2024లో విశాఖలో మొదటి ఇద్దరికే 13 లక్షల ఓట్లు పడ్డాయి. సెగ్మెంట్‌కు 14 బల్లల చొప్పున ఏడింటికీ 98 బల్లలు. బల్లకు 13 వేల పైచిలుకు చీటీలు. గంటకు వెయ్యి లెక్కించినా 14 గంటలు. షిఫ్టులు వేసుకుంటే ఒక రోజు, అసెంబ్లీ చీటీలు కూడా కలిపితే రెండు రోజులు. బారెడు బ్యాలెట్ల మీద ముద్రలు వెతకడం కంటే గుర్తు ఒక్కటే ఉన్న చీటీలు విడదీయడం తేలిక కూడా. చీటీ మీద బార్‌కోడ్ పెట్టి యంత్రంతో లెక్కించే సంగతి పరిశీలించమని సుప్రీంకోర్టే సూచించింది.

అయినా అన్ని స్థానాల్లో అన్నీ లెక్కించాల్సిన పని లేదు. 5 లక్షల తేడా ఉన్నచోట 35 ఎక్కువే. 4,414 ఉన్నచోట వందలు కావాలి. వెయ్యి లోపు వస్తే మొత్తం లెక్కించాలి. తేడా తగ్గేకొద్దీ తనిఖీ పెరగాలన్న ఈ పద్ధతిని అమెరికాలో కొన్ని రాష్ట్రాలు వాడుతున్నాయి. మన దగ్గర దీనికి కొత్త యంత్రాలూ అక్కర్లేదు, బ్యాలెట్ పెట్టెలూ అక్కర్లేదు. చీటీలు లెక్కించమని అడిగే హక్కు ఎన్నికల నిబంధనల్లోని 56డీ కింద అభ్యర్థికి ఇప్పటికే ఉంది. ఒప్పుకోవడం, ఒప్పుకోకపోవడం రిటర్నింగ్ అధికారి ఇష్టం. తేడా ఫలానా సంఖ్య కంటే తక్కువుంటే ఒప్పుకుని తీరాలని ఆ నిబంధనలో ఒక వాక్యం చేర్చాలి. చీటీల లెక్కకూ యంత్రం లెక్కకూ తేడా వస్తే ఆ యంత్రానికి చీటీల లెక్కే చెల్లుతుందని కూడా అందులోనే ఉంది. కానీ ఒక యంత్రంలో తేడా బయటపడితే మిగతావాటి తనిఖీ దానంతటదే పెరగాలి. అదీ రాయాలి.

వార్డు, పంచాయతీ ఎన్నికలను పేపరు మీదే ఉంచితే నష్టం లేదు. జీవీఎంసీలో అది నడిచింది. లోక్‌సభ, అసెంబ్లీలకు మాత్రం మూడు యూనిట్లంత పొడవు బ్యాలెట్ పేపర్లు అచ్చేసి, చెల్లని ఓట్లనూ కట్టల గుద్దుడునూ మళ్లీ పిలిచి తెచ్చుకోవడం తెలివైన పని అనిపించదు.

ఖర్చు లేకుండా రేపే చేయగలిగింది ఇంకొకటుంది. ఆ అయిదు బూత్‌ల చీటీలు తీసేది ఈవీఎం రౌండ్లన్నీ అయ్యాక. ఆంధ్రా యూనివర్సిటీ ఇంజినీరింగ్ కాలేజీలో ఆ డబ్బాలు తెరిచే వేళకు గెలిచినవాళ్ల బాణసంచా బీచ్ రోడ్డులో మొదలైపోతుంది. ఓడినవాళ్ల ఏజెంట్లు సగం మంది ఇళ్లకు వెళ్లిపోయి ఉంటారు. లాటరీ ఉదయమే తీసి, మొదటి రౌండు నడుస్తుండగానే ఏడు సెగ్మెంట్లలోనూ వేరే బల్లల మీద ఆ చీటీల లెక్కింపు మొదలుపెడితే, రెండు పక్షాల ఏజెంట్లూ అక్కడే ఉంటారు, ఎవరు గెలుస్తున్నారో అప్పటికి ఎవరికీ తెలియదు.